పరదా వెనక కొల్లేరు

కొల్లేటి లంకల్లో ఏ పాత ఇంటికైనా వెళ్లి గోడల మీది పటాలు చూడండి. ఆ తాతగారు పుట్టిందీ పెరిగిందీ నీళ్ల మధ్యనే. తాటిదోనె మీద తిరిగాడు, వెదురు మావులు పెట్టి కొర్రమీనులు పట్టాడు, కిక్కిస కోసి ఇంటికి కప్పుకున్నాడు. పటంలో మాత్రం ఆయన వెనక చుక్క నీరుండదు. పాలరాతి మెట్లు, పూలకుండీ, రెండు స్తంభాలు, వాటి అవతల ఎక్కడిదో ఒక కోట. అవన్నీ స్టూడియో పరదా మీద రంగులతో వేసినవి.

నేను అలాంటి పరదా ముందు పుట్టి పెరిగినవాణ్ని. మా నాన్న ఏలూరులో పని నేర్చుకుని ఆకివీడులో చిన్న స్టూడియో పెట్టుకున్నారు. తర్వాత నేను ఏలూరు పవర్‌పేట చేరాను. బతుకుతెరువు మనుషుల మొహాలు, ఆదివారాల సరదా పక్షులు. రెండు పనులూ చేస్తూ వచ్చిన నాకు మా ప్రాంతపు ఫొటోల చరిత్రలో ఒక వెలితి కనబడుతుంది. స్టూడియోలు మనిషిని దాచాయి, కొల్లేటిని వదిలేశాయి. సరదాకి కెమెరా పట్టినవాళ్లు కొల్లేటిని తీశారు, మనిషిని వదిలేశారు. మనిషీ నీరూ ఒకే ఫొటోలో పడ్డ సందర్భాలు తక్కువ. అవి ఎందుకు తక్కువో, ఉన్నవాటి విలువ ఏమిటో చెప్పాలని ఇది రాస్తున్నాను.

రైలు పట్టాల వెంట

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం మా కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి పట్టుకెళ్తుంది. స్టూడియోలు మాత్రం పల్లంలో పుట్టలేదు, గట్టున పుట్టాయి. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మద్రాసు–కలకత్తా రైలుమార్గంలో ఉన్నాయి. ఇవతల కైకలూరు, ఆకివీడు గుడివాడ–భీమవరం లైనులో ఉన్నాయి. గాజు ప్లేట్లు, కాగితం, మందులు రైలు పార్సిల్లో దిగేవి. అదే స్టేషనులో ఐసు వేసి కట్టిన చేపల బుట్టలు ఎక్కేవి. పార్సిలు దిగేచోటే ఫొటో పని నిలబడింది కాబట్టి, లంకల జనం ఫొటో కావాలంటే పడవెక్కి గట్టుకు రావాల్సిందే.

అలా వచ్చేవాళ్లను నేను చిన్నప్పుడు రోజూ చూసేవాణ్ని. కాలవ దగ్గర కాళ్లు కడుక్కుని, సంచిలోంచి ఇస్త్రీ బట్టలు తీసి కట్టుకుని లోపలికొచ్చేవారు. గోడకి అద్దం, దాని కింద పౌడరు డబ్బా, దువ్వెన, చిలక్కొయ్యకి ఒక కోటు. ఎవరికి కావాలంటే వాళ్లు ఆ కోటు తొడుక్కోవచ్చు. నాన్న ఎవరినీ తొందరపెట్టేవారు కాదు. "నిదానంగా కూర్చోండి బాబూ, గడ్డం కొంచెం దించండి" అని, నల్లగుడ్డ కిందకి దూరేవారు.

మా దగ్గర కేరళలోని ఆలెప్పీలో తయారైన వాగీశ్వరి కెమెరా ఉండేది. టేకు చెక్క, ఇత్తడి బిగింపులు, ముడతలు ముడతలుగా సాగే తోలు బెల్లోసు. నల్లగుడ్డ కిందికి దూరి చూస్తే నూరిన గాజు మీద మనిషి తలకిందులుగా కనబడేవాడు. ఫోకస్ కుదిరాక ప్లేటు పెట్టి, లెన్సు మూత చేత్తో తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి మళ్లీ మూసేవారు. ఆ కాసేపూ కదలకూడదు. పాత పటాల్లో మనవాళ్లు నవ్వకపోవడానికి సగం కారణం అదే. నవ్వు నిలవదు, బిగించిన మొహం నిలుస్తుంది. మిగతా సగం, జీవితంలో ఒకటో రెండోసార్లు తీయించుకునే ఫొటోకి వాళ్లిచ్చిన మర్యాద.

పరదా సంగతి కూడా ఆ మర్యాదలోంచే వచ్చింది. బురదలో, ఎండలో, నీళ్లలో నానిన మనిషి తన మనవళ్లకి మిగిలే బొమ్మలో ఆ నీళ్లు ఉండాలని కోరుకోలేదు. పెళ్లి సంబంధానికి పంపే ఫొటోలో పిల్ల వెనక మావులు కనబడాలని ఏ తల్లీ కోరుకోలేదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలకి రన్‌వే వేశారు. ఆ ఊళ్లో ఒక స్టూడియోలో నేను చూసిన పరదా మీద విమానం ఉండేది, కిటికీ చోట మొహం పెట్టి తీయించుకునేవారు. రోజూ కళ్లెదుట ఉన్నది కాకుండా చేతికందనిదాన్ని వెనక పెట్టుకోవడం మనిషికి సహజమైన ఆశ. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే ఆ ఆశ ఖరీదు కొల్లేరు చెల్లించింది. తరాల తరబడి వేలమంది మొహాలు నిలిచాయి, వాళ్లు బతికిన చోటు నిలవలేదు.

పూలజడ, నిలువుటద్దం

పరదాని ఒప్పుకోని ఫొటో ఒకటుంది. అది పూలజడ ఫొటో. తెలుగు దేశంలో ఏ స్టూడియోవాణ్ని అడిగినా దీని గురించి గంటసేపు చెబుతాడు. వేసవిలో మల్లెలు రాగానే ఆడపిల్లలకి పూలజడ కుట్టడం, ఆ జడ వాడకముందే ఫొటో తీయించడం ఇంటింటి ముచ్చట. జడ వీపున ఉంటుంది, మొహం ముందుంటుంది. రెండూ ఒకేసారి కనబడాలంటే వెనక నిలువుటద్దం పెట్టాలి.

చెప్పినంత తేలిక కాదు. అద్దాన్ని తిన్నగా పెడితే కెమెరా, కెమెరా వెనక మనిషి కూడా అద్దంలో పడతారు. పిల్లని కొంచెం పక్కకి తిప్పాలి, అద్దాన్ని ఇంకొంచెం వాల్చాలి. అసలు చిక్కు ఫోకస్ దగ్గర. అద్దంలోని జడ అద్దం మీద లేదు, అద్దం ఎంత దూరంలో ఉందో దానికి అవతల అంత దూరంలో ఉన్నట్టు లెక్క. మొహం దగ్గర, జడ దూరం. రెండూ స్పష్టంగా రావాలంటే లెన్సు కన్ను బాగా మూయాలి. కన్ను మూస్తే వెలుతురు చాలదు, ఎక్కువసేపు మూత తీసి ఉంచాలి. ఆరేళ్ల పిల్ల, తల మీద బరువు, జడగంటలు కదిలితే అద్దంలో మసక. పైగా మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి. కుట్టిన పనితనం మొగ్గమీదే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండలోనే పిల్లని తీసుకురావాలి. లంకల నుంచి వచ్చే తల్లులు జడ మీద తడిగుడ్డ కప్పి, పడవలో పిల్లకి గొడుగు పట్టి కూర్చోబెట్టేవారు. స్టూడియో గుమ్మంలో గుడ్డ తీసేసరికి గదంతా మల్లెలు.

ఆ అద్దంలో పరదా ఉండదు, పరదాకి ఎదుటి వైపు ఉంటుంది. నాన్న తీసిన పూలజడ ఫొటోల్ని భూతద్దంతో చూస్తే అద్దం మూలల్లో తువ్వాలు పట్టుకున్న తల్లి, తెరిచిన తలుపు, అవతల కాలవగట్టు కనబడతాయి. ఒకదాంట్లో గట్టుకి కట్టిన పడవ కొస ఉంది. ఎవరూ కావాలని తీయలేదు. మా స్టూడియో లోపల తీసిన ఫొటోల్లో నీళ్ల జాడ ఉన్నది నాకు తెలిసి ఆ అద్దాల్లోనే.

చేపల ఐసు, డెవలపరు

చీకటిగది పనికి ఈ ప్రాంతం అనువైంది కాదు. ఫిల్ము మీద పూత జెలటిన్‌తో ఉంటుంది, వేడికి మెత్తబడుతుంది. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకాల్లో రాస్తారు. రోహిణికార్తెలో మా ఆకివీడు గదిలో ఆ అంకె ఎక్కడ దొరుకుతుంది? దాని మందు చేపల వ్యాపారంలోనే ఉంది. చేపలు కట్టే ఐసు ఫ్యాక్టరీ నుంచి పొట్టులో పొర్లించిన ఐసు పలక తెచ్చి, బేసిన్లో కొట్టి పోసి, అందులో డెవలపరు ట్రే పెట్టేవాళ్లం. కొల్లేటి చేపని కలకత్తా దాకా చెడకుండా నిలిపిన ఐసే కొల్లేటి మొహాల్నీ నిలిపింది.

మెటాల్, హైడ్రోక్వినోన్, సల్ఫైట్, కార్బొనేట్, చిటికెడు బ్రోమైడ్ చిన్న త్రాసులో తూచి కలపడం నా చేతికి ముందుగా అబ్బిన పని. ఎర్రబల్బు వెలుతుర్లో తెల్లకాగితం మీద ముందు వెంట్రుకలు, తర్వాత కళ్లు, ఆఖరున చెంపలు తేలేవి. తర్వాత హైపో, ఆ తర్వాత కడగడం. కడగడానికి నీళ్లు కావాలి. ఇక్కడి బావినీళ్లు ఉప్పన, వాటితో కడిగితే ఆరాక నెగటివ్ మీద తెల్లటి మచ్చలు. కాలవ నీళ్లలో ఒండ్రు. పలుచని మల్లుగుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, కుండలో తేర్చి వాడేవాళ్లం. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టాక ‘ఇందు’ కాగితం, ఫిల్ము మా అరల్లోకి వచ్చాయి. దిగుమతి సరుకు కోసం ఎదురుచూపులు తగ్గాయి, చిన్న ఊళ్లలో స్టూడియోలు పెరిగాయి.

ఆఖరున రీటచింగ్. నెగటివ్‌ని వాలుబల్ల మీద గాజుకి ఆనించి, కిందినుంచి వెలుతురు పడేలా చేసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో అమ్మవారి మచ్చలు, ఎండ గీతలు పూడ్చేవారు. ఏటి గాలికి నలిగిన మొహాలు నాన్న బల్ల మీద నునుపు తేరేవి. ఆయన ఒక హద్దు పెట్టుకున్నారు. మచ్చ పూడ్చవచ్చు, ముక్కు మార్చకూడదు. పటం చూసిన మనవడు తాతని గుర్తుపట్టాలి కదా అనేవారు.

మావుల మధ్య మనిషి

కొల్లేరు ఫొటోల్లోకి వచ్చింది మేం దాని దగ్గరికి వెళ్లినప్పుడే. వెళ్లే సందర్భాలు మూడు: పెళ్లి, జాతర, చావు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి నాన్న పరదా చుట్ట, కెమెరా పెట్టె, మూడుకాళ్ల స్టాండు పడవలో వేసుకుని వెళ్లేవారు. రెండు గుంజలు పాతి పరదా కట్టేవారు. కొల్లేటి మధ్యన కూడా కొల్లేటిని కప్పేయడానికి ఆ గుడ్డ ఉండాల్సిందే. అయితే అక్కడ గాలి బలమైంది. పరదా ఎగిరినప్పుడల్లా పక్కన నీళ్లు, పడవల వరస, తలనీలాలిచ్చిన పిల్లలు, కోళ్లు పట్టుకున్న ఆడవాళ్లు ఫ్రేములోకి వచ్చేవారు. ప్రింటు వేసేటప్పుడు ఆ అంచులు కత్తిరించి ఇచ్చేవాళ్లం. కత్తిరించింది కాగితాన్నే, నెగటివ్‌లో అంచులు అలాగే ఉన్నాయి.

చావు ఫొటోకి పరదా ఉండదు. కబురు రాగానే బయల్దేరాలి. బతికుండగా ఫొటో లేని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డతో ఆనించి, చుట్టూ కొడుకులు, కూతుళ్లు, మనవలు నిలబడేవారు. ఇప్పటివాళ్లకి అది భయంగా తోచవచ్చు. ఏడాది తిరిగేసరికి సంవత్సరీకానికి పటం ఉండాలి, ఆ పటానికి ఇంకో దారి లేదు.

నా దగ్గరున్న అలాంటి నెగటివ్ ఒకటి చెబుతాను. పూరింటి ముందు కుర్చీలో ముసలాయన, నుదుట బొట్టు, చేతులు ఒళ్లో కలిపి పెట్టారు. కుటుంబం చుట్టూ ఉంది. ఫొటో ఆయన కోసం తీసిందే అయినా ఇవాళ నా చూపు అంచులకి పోతుంది. ఎడమవైపు గోడకి ఆనించి మావులు, వెదురు చీలికల మధ్య సందు ఎంతుందో లెక్కపెట్టవచ్చు. కుడివైపు తాటిదోనె బోర్లించి ఉంది, అడుగున గీసుకుపోయిన గుర్తులతో సహా. మట్టిగోడ మీద మోకాలెత్తున ఒక గీత, ఆ ఏటి వరద నిలిచిన ఎత్తు. వెనక నీళ్లు, నీళ్ల మీద దూరం దాకా కిక్కిస. ఎక్కడా గట్టు లేదు.

‘ఎక్కడా గట్టు లేదు’ అన్న మాట కొల్లేటివాళ్లకి ఏమిటో తెలుసు. ఎండాకాలం నీరు తగ్గితే పల్లంలో వరి వేసేవారు, వానాకాలం చేపలు పట్టేవారు. 1976 ప్రాంతంలో ప్రభుత్వం మత్స్యకార సంఘాలకి చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఆ తర్వాత బయటి పెట్టుబడి దిగింది, పొక్లెయిన్లు దిగాయి, సరస్సు గళ్లు గళ్లుగా చెరువులైంది. నల్లచేపల చోట బొచ్చె, శీలావతి వచ్చాయి. ఆ నెగటివ్‌లో ఉన్నది అంతకుముందటి కొల్లేరు. అది ఒక కుటుంబ దుఃఖంలో వెనక నిలబడి మిగిలింది.

ఆదివారం పక్షులు

సరదా ఫొటోగ్రఫీ ఇక్కడ పక్షుల వెంట నడిచింది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిశాస్త్రవేత్త పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతులు గూళ్లు పెట్టడం చూసి, తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. ఊరి నడుమ చెట్ల మీద, మనుషుల ఇళ్ల పక్కన, అంత పెద్ద పక్షులు పిల్లల్ని పెంచుకోవడం లోకానికి విశేషమైంది. మావాళ్లకి అది మామూలు. తర్వాతి దశాబ్దాల్లో ఆ గూళ్లు ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు గూడబాతుల్ని చూడాలంటే కైకలూరు పక్కన ఆటపాక వెళ్లాలి. చెట్లు చాలక అటవీశాఖవాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు, వాటి మీదే గూళ్లు కడుతున్నాయి.

నా మొదటి కెమెరా ఆగ్‌ఫా క్లిక్ త్రీ. 120 ఫిల్ముకి పన్నెండు ఫొటోలు, ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే. దాంతో తీస్తే గూడబాతు తెల్ల చుక్కలా పడేది. తర్వాత చేతికొచ్చిన పెంటాక్స్ కె వెయ్యితో, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన పొడుగు లెన్సుతో మొదటిసారి దాని ముక్కు మీది చుక్కలు చూశాను. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. తెల్లారకముందే స్కూటరు మీద బయల్దేరడం, గట్టు మీద తడి గడ్డిలో పడుకోవడం, ఎర్రకాళ్ల కొంగ దిగే క్షణం కోసం వేలు బిగబట్టి ఉండటం పెళ్లి ఆల్బాల అలసటని కడిగేసేవి.

పోటీలకి పంపే ఫొటోలకి ఒక పద్ధతి స్థిరపడింది. పక్షి ఒక్కటే ఉండాలి, వెనక శుభ్రంగా ఉండాలి. తవుడు బస్తా, ఏరేటరు, వల ఆరేసుకునే మనిషి, తాడుకట్టిన పడవ ఉంటే బహుమతి రాదు. పొడుగు లెన్సు కన్ను పూర్తిగా తెరిస్తే వెనకున్నదంతా మెత్తటి పచ్చరంగులో కరిగిపోతుంది. ఆ కరిగిన పచ్చదనాన్ని చూసినప్పుడల్లా నాకు నాన్న పరదాయే కనబడుతుంది. అక్కడ గుడ్డతో కప్పారు, ఇక్కడ గాజుతో కప్పుతున్నాం. కానీ ఆ పక్షి ఆ గట్టున దిగింది అక్కడ చేపలున్నందుకు, చేపలున్నది అక్కడ మనిషి ఉన్నందుకు. ఆ మనిషిని తీసేస్తే ఫొటో అందంగా ఉంటుంది, నిజం సగమవుతుంది.

నీళ్లు కావాలన్న రోజు

పరదాలు పోయాక తెల్లగోడలు వచ్చాయి. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉండగా 1993లో ఓటర్లకి ఫొటో కార్డులు ఉండాలన్నారు. గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకి పాస్‌పోర్టు ఫొటోలు, రేషన్ కార్డులకి కుటుంబం ఫొటోలు, పదో తరగతి హాల్‌టికెట్లు. చెవులు కనబడాలి, వెనక ఖాళీ ఉండాలి. ముసలమ్మలు జీవితంలో మొదటి ఫొటో ఏదో ఒక కార్డు కోసం తీయించుకున్నారు.

సరస్సుకు రక్షణ కూడా అప్పుడే మొదలైంది. 1999లో, సముద్రమట్టం నుంచి ఎత్తుని కొలిచే +5 కాంటూరు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002 ఆగస్టు 19న అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 1839లో పారిస్‌లో డాగురే ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించిందీ ఆగస్టు 19నే, ఫొటోగ్రాఫర్లం ఏటా ఆ రోజు పండగ చేసుకుంటాం. మాకూ కొల్లేటికీ పుట్టినరోజు ఒకటే కావడం నాకు ఇష్టం.

2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేసే పని మొదలైంది. ఆ రోజుల్లో నా కొట్టుకి ఎన్నడూ రాని కోరిక వచ్చింది. "మా చెరువు దగ్గరికి రండి. గట్టు మీద మేమంతా నిలబడతాం, నీళ్లు కనబడేలా తియ్యండి" అన్నారు. ఒక ఇంటివాళ్లు కాదు, చాలామంది. వెళ్లాను. సొసైటీలో వాటా ఉన్న చిన్న కుటుంబాలు, అప్పులో ఉన్నవాళ్లు, ముందువరసలో పిల్లలు, వెనక తండ్రులు, వాళ్ల వెనక నీళ్లు. చెరువులు ఉండాలా పోవాలా అన్న వాదన వేరు, సరస్సు బతకడానికి ఆ పని అవసరమని నేను నమ్ముతాను. కానీ మా ప్రాంతంలో మనుషులు తమంతట తాము నీళ్లని వెనక పెట్టుకుని నిలబడింది ఆ వారాల్లోనే. పోతుందని తెలిశాకే దాన్ని ఫొటోలో ఉండమన్నారు.

అవి డిజిటల్‌గా మారుతున్న రోజులు. కొన్ని ఫిల్ము మీద, కొన్ని సీడీల్లో ఉన్నాయి. ఫిల్మువి ఇప్పటికీ చూడగలుగుతున్నాను, కొన్ని సీడీలు తెరుచుకోవు.

ఉన్నవాటిని ఏం చేయాలి

పాత స్టూడియోలు మూతపడుతున్నాయి. గాజు ప్లేట్లని సోడాతో కడిగి పటాలకి అద్దాలుగా వాడేశారు. నలుపు తెలుపు నెగటివ్‌లని వెండి కోసం కిలోల లెక్కన కొనుక్కుపోయారు. మిగిలినవాటిని మా కొల్లేటి తేమ తింటోంది, ఆషాఢం నుంచి కార్తీకం దాకా లెన్సులకీ ఫిల్ముకీ బూజు పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి లంకల్ని ముంచినప్పుడు ఎన్నో ఇళ్లలో పటాలు తడిశాయి. అద్దానికి అంటుకున్న ఫొటోల్ని లాగవద్దని వచ్చినవాళ్లందరికీ చెప్పాను. లాగితే మొహం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా తీసుకొస్తే, వెలుతురు మెరవకుండా పక్కనుంచి లైటు పెట్టి మళ్లీ ఫొటో తీయవచ్చు. అలా చాలా మొహాలు దక్కాయి.

ఇది ఇళ్ల జ్ఞాపకాల విషయం మాత్రమే కాదు. కొల్లేరు హద్దు +5 దగ్గర ఉండాలా, +3కి తగ్గించాలా అని ఏళ్ల తరబడి గొడవ నడుస్తోంది. నీళ్లు ఏ నెలలో ఎక్కడిదాకా నిలిచేవి, ఏ గట్టు ఎప్పుడు లేచింది, ఏ లంకలో వరద ఏ ఎత్తుకి వచ్చింది అన్నవి ఆ గొడవలో అసలు ప్రశ్నలు. చావు ఫొటోల అంచుల్లో, జాతర నెగటివ్‌ల చివర్లలో, పూలజడ వెనక అద్దాల్లో వాటికి కొన్ని జవాబులున్నాయి. ఊరి పేరూ, సంవత్సరమూ రాసి పెడితే అవి సాక్ష్యాలు, రాయకపోతే ఎవరివో మొహాలు.

అందుకని మా తోటి ఫొటోగ్రాఫర్లని అడుగుతున్నాను. మూసేసిన కొట్లలో నెగటివ్ డబ్బాలుంటే అమ్మకండి, ఎండబెట్టి, కాగితం కవర్లలో పెట్టి, తెలిసినంత వివరం పెన్సిలుతో రాయండి. ఏలూరులో కాలేజీలున్నాయి, తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, వాటి లైబ్రరీల్లో ఒక అర చాలు. ప్రింటు కోసం కత్తిరించినా నెగటివ్ మొత్తం స్కాన్ చేయండి, అంచులతో సహా. ఆటపాక వెళ్లే కుర్రవాళ్లు గూడబాతుని తీశాక లెన్సు మార్చి పడవ నడిపే మనిషిని కూడా తీయండి, ఆయన్ని అడిగి, ఆయన పేరు రాసుకుని, వెనకున్న నీళ్లు కనబడేలా తీయండి. ఒక ప్రింటు ఆయనకివ్వండి. మా వృత్తి ఇంతకాలం చేసిన మంచిపనిలో మిగిలిపోయిన సగం అదే.